ఫ్యూజు పోలేదు, తీగె కాలింది

"మామయ్యా, ఫ్యూజు చెక్కు చెదరలేదు. తీగె మాత్రం కాలిపోయింది. ఇదెట్లా?"

మా మేనల్లుడు ఈ మాట ఫోనులో అడిగేటప్పటికి ముళబాగిలు దాటి రోడ్డు పక్కన కారు ఆపుకొని నిలబడి వున్నాడు. బెంగుళూరు నుంచి చిత్తూరులో పెళ్ళికి బయలుదేరారు. వెనక సీటులో మా అక్క, కోడలు, నిద్రపోతున్న పిల్లలిద్దరు. కోలారు దాటినది మొదలు ఏదో రబ్బరు కాలుతున్న వాసన వస్తున్నదని మా అక్క చెబుతూనే వున్నదట. "ముందు పోతున్న లారీదిలే అమ్మా" అని వాడు కొట్టి పారేశాడట. డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ లేచిన తరువాత గాని కారు ఆపలేదు. ఆ కంగారులో కూడా వాడికి ఒక మంచి బుద్ధి పుట్టింది. అందరినీ దూరంగా దింపి, బానెట్టు ఎత్తి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ మైనసు తీగె వూడదీశాడు. పొగ ఆగిపోయింది. (మంటే కనిపిస్తే మాత్రం బానెట్టు ఎత్తకూడదు. గాలి తగిలి మంట పెరుగుతుంది. మనుషులను దింపుకొని దూరం పోవడమే పని.)

మూడు వారాల క్రితం వాడు ఆ కారుకు యాంప్లిఫయరు పెట్టించాడు. బ్యాటరీ నుంచి తీగె ఒకటి ఇంజను పక్కగా వచ్చి, ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న రేకులో బెజ్జం గుండా లోపలికి దిగి, కార్పెట్టు కిందుగా డిక్కీలోని యాంప్లిఫయరు దాకా పోతుంది. ఆ బెజ్జానికి రబ్బరు బుష్షు వెయ్యలేదు. కారు కుదిపినప్పుడల్లా రేకు అంచు తీగె మీది ప్లాస్టిక్కును కోస్తూ వచ్చింది. మూడు వారాలకు లోపలి లోహం రేకుకు తగిలింది. ఎవరు బిగించారన్నది ఇక్కడ అనవసరం. ఇటువంటి పని బెంగుళూరులోనే కాదు, మనవాళ్ళున్న ప్రతి వూళ్ళోనూ జరుగుతున్నది. నేను ముప్ఫయి యేళ్ళు రేడియోలూ, టేపు రికార్డర్లూ బాగు చేసి బ్రతికినవాణ్ణి గనుక చుట్టుపక్కల పిల్లలు తమ కార్లు తెచ్చి చూపిస్తూ వుంటారు. పది కార్లలో ఏ రెండింటిలోనో తప్ప ఈ ఫ్యూజు వుండవలసిన చోట వుండదు.

వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందుగా మన ఇళ్ళలో వుండే కిట్‌కాట్ ఫ్యూజును గుర్తు చేసుకోవాలి. పింగాణీ బిళ్ళ మధ్య సన్నని తీగె. అది మాటిమాటికీ పోతున్నదని విసిగి, ఎవరో ఒక పెద్దమనిషి రెండు పేటల రాగి తీగె చుట్టి, "ఇక పోదు" అని చేతులు దులుపుకొంటాడు. నిజమే, పోదు. తరువాత పోయేది గోడలోని తీగె. ఫ్యూజన్నది ఇస్త్రీ పెట్టెనో, యాంప్లిఫయరునో కాపాడడానికి పెట్టింది కాదు. అది తీగెకు కాపలా. తీగె కాలకముందే తాను తెగిపోవాలి. పెద్ద ఫ్యూజు మంచిదనుకొనేవాళ్ళు ఈ ఒక్క సంగతి మరిచిపోతారు.

కారులో ఈ కాపలా ఇంటిలో కంటే ఎక్కువ అవసరం. పన్నెండు వోల్టులే కదా, ముట్టుకున్నా షాకు కొట్టదు కదా అని మనకు నిర్లక్ష్యం. షాకు కొట్టని మాట నిజమే. కాని ఇంజను స్టార్టు చేసేటప్పుడు ఆ బ్యాటరీయే వంద ఆంపియర్లకు పైగా క్షణంలో ఇస్తున్నది. దాని రెండు కొసలూ నేరుగా కలిస్తే వందలకొద్దీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. కారు రేకంతా మైనసే. కాబట్టి ప్లస్ తీగె ఎక్కడ ఒలిచి రేకుకు తగిలినా రెండు కొసలూ కలిసినట్లే.

ఇప్పుడు మావాడి ఫ్యూజు ఎక్కడ వున్నదో చూడండి. డిక్కీలో, యాంప్లిఫయరు పక్కన, అందంగా, గాజు మూతతో. కరెంటు బ్యాటరీలో బయలుదేరి, బెజ్జం దగ్గర రేకులోకి దిగి, తిరిగి బ్యాటరీకి చేరింది. డిక్కీ దాకా రానే లేదు. ఫ్యూజుకు ఈ గొడవ జరిగినట్లే తెలియదు. అక్కడ వంద ఆంపియర్ల ఫ్యూజు వున్నా, అయిదు ఆంపియర్ల ఫ్యూజు వున్నా ఒకటే. వూరి చివర కాపలావాణ్ణి పెట్టి, వూరి మొదట దొంగ పడితే వాడేం చేస్తాడు?

అంచేత మొదటి సూత్రం: ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే వుండాలి. పనివాళ్ళలో పద్ధెనిమిది అంగుళాల లోపల అని ఒక వాడుక వున్నది. జానెడు దూరంలో వుంటే ఇంకా మంచిది. బ్యాటరీకీ ఫ్యూజుకూ నడుమనున్న ఆ కాస్త తీగెకు ఏ కాపలా లేదు. అది ఎంత పొట్టిగా వుంటే అంత మేలు. యాంప్లిఫయరులో దాని సొంత ఫ్యూజులు వేరే వుంటాయి. అవి దాని లోపలి భాగాల కోసం. అవి వున్నాయి గదా అని బ్యాటరీ దగ్గరిది మానెయ్యకూడదు.

పెళ్ళినుంచి తిరిగి వచ్చిన తరువాత వాడు కారు మా ఇంటికి తెచ్చాడు. పాత తీగె లాగి పారేసి మళ్ళీ మొదటినుంచి వెయ్యాలని కూర్చున్నాము. "మామయ్యా, ఇది వెయ్యి వాట్ల యాంప్లిఫయరు, అందుకే వంద ఆంపియర్ల ఫ్యూజు ఇచ్చారు" అన్నాడు. పెట్టె మీద నిజంగానే వెయ్యి అని వేలెడంత అక్షరాలతో వున్నది. పుస్తకంలో చిన్న అక్షరాలతో మాత్రం నాలుగు చానళ్ళు, ఒక్కొక్కటి 50 వాట్లు ఆర్.ఎం.ఎస్. అని వున్నది. మనకు కావలసింది ఆ చిన్న అక్షరాలు. ఆర్.ఎం.ఎస్. అంటే అది ఆగకుండా ఇవ్వగల శక్తి. మిగిలినది బజారు లెక్క.

పుస్తకం పోగొట్టుకున్నవాళ్ళు యాంప్లిఫయరు పక్కనున్న ఫ్యూజులు చూస్తే చాలు. మావాడిదానికి పదిహేను ఆంపియర్లవి రెండు, నీలంరంగువి, వున్నాయి. మొత్తం ముప్ఫయి. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో సుమారు 14 వోల్టులు వుంటాయి. ముప్ఫయిని పధ్నాలుగుతో హెచ్చిస్తే 420 వాట్లు. ఆ పెట్టెలోకి పోయేదే 420 అయితే బయటికి వెయ్యి ఎట్లా వస్తుంది? ఈ లెక్క చెప్పగానే వాడి ముఖం కాస్త చిన్నబోయింది.

లెక్క ఇంకొక వైపు నుంచి కూడా కట్టి చూశాము. నాలుగు యాభైలు రెండు వందల వాట్లు. ఇది ఏ.బి. తరగతి యాంప్లిఫయరు. తీసుకొన్న శక్తిలో నూటికి అరవై వంతులు ధ్వనిగా ఇస్తే గొప్ప, మిగిలినది వేడి. కాబట్టి రెండు వందలను 0.6 తో భాగిస్తే 333 వాట్లు. దానిని 13.8 వోల్టులతో భాగిస్తే 24 ఆంపియర్లు. డి తరగతి దైతే నూటికి ఎనభై వంతులు వస్తుంది. అప్పుడు 18 ఆంపియర్లు చాలు. పాట పాడేటప్పుడు సగటున ఇందులో చిన్న భాగమే ఖర్చవుతుంది. కాని లెక్క నిండు శక్తికే కట్టాలి.

ఇంత కరెంటు ఎందుకు తీసుకొంటుందని అడగవచ్చు. పన్నెండు వోల్టుల నుంచి నేరుగా నాలుగు ఓముల స్పీకరుకు పద్ధెనిమిది, ఇరవై వాట్ల కంటే శుభ్రంగా రాదు. అంచేత యాంప్లిఫయరు లోపల మొదట వోల్టులను పెంచే యంత్రం ఒకటి వుంటుంది. ఇది కొత్త తెలివేమీ కాదు. 1930లో అమెరికాలో మోటరోలా కారు రేడియో వచ్చింది. ఆ తరం వాల్వు రేడియోలలో బ్యాటరీ వోల్టులను వందలకు పెంచడానికి వైబ్రేటరు అనే చిన్న పరికరం జుంయ్‌మంటూ పని చేసేది. వోల్టులు పెంచితే ఆ మేరకు బ్యాటరీ నుంచి ఆంపియర్లు ఎక్కువ లాగాలి. ఊరికే ఏదీ రాదు గదా.

సరే, యాంప్లిఫయరుకు కావలసింది ఇరవైనాలుగు. ఫ్యూజు అంతకు పైన వుండాలి, తీగె మోయగలిగినదానికి లోపల వుండాలి. ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడ పెట్టినా తప్పులేదు. కాబట్టి ఇప్పుడు తీగె సంగతి చూడాలి.

ఇక్కడే పెద్ద మోసం వున్నది. కాలిన తీగె మీద నాలుగు గేజి అని అచ్చు వేసి వున్నది. గేజి అంకె తగ్గే కొద్దీ తీగె లావవుతుంది. నాలుగు గేజి అంటే 21 చదరపు మిల్లీమీటర్లు, ఎనిమిది గేజి అంటే 8 చదరపు మిల్లీమీటర్లకు కొంచెం పైన. చూడడానికి వాడి తీగె చిటికెన వేలంత లావున్నది. కత్తితో కోస్తే అందులో మూడు వంతులు ప్లాస్టిక్కే. నడుమ వున్న లోహం ఎనిమిది గేజికి మించదు. పోనీ అదయినా రాగియా అంటే, ఒక పోగు తీసి బ్లేడుతో గీరితే లోపల తెల్లగా అల్యూమినియం! పైన రాగి పూత. బజారులో కిట్టు పేరుతో చవకగా దొరికేవి ఎక్కువ భాగం ఇటువంటివే. అల్యూమినియానికి ఇట్లా పూత వేసిన తీగె రాగి మోసేదానిలో సుమారు నూటికి అరవై వంతులే మోస్తుంది. కొనేటప్పుడు చేతిలో బరువు చూసినా తెలిసిపోతుంది. రాగి బరువు వేరు.

ఆ తీగె అయిదు మీటర్లు. అందులో వంద ఆంపియర్లు ప్రవహిస్తే ఎంత వేడి పుడుతుందో కాగితం మీద వేసి వాడికి చూపించాను. మంచి రాగిలోనే అయితే 107 వాట్లు, ఈ పూత తీగెలో సుమారు 170 వాట్లు. నేను రేడియోలకు వాడిన సాల్డరింగు ఐరను 25 వాట్లు. అంటే ఆరు, ఏడు సాల్డరింగు ఐరన్లు వరుసగా కార్పెట్టు కింద పెట్టి, పైన పిల్లలను కూర్చోబెట్టినట్లు. వంద ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే వుండినా ఈ ప్రవాహాన్ని అది ఆపదు. ఎందుకంటే అది దానికి ఆమోదమైన ప్రవాహమే! ఫ్యూజు మీద వేసిన అంకె తెగే అంకె కాదు, మోసే అంకె. మూడో వంతు ఎక్కువయినా కొన్ని నిమిషాలు నిలబడి వుండవచ్చు. రెట్టింపు అయితే కొద్ది సెకండ్లలో తెగుతుంది.

మేము సదర్ పత్రప్ప రోడ్డుకు పోయి పది చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగె, కార్లకు వాడేది, అయిదు మీటర్లు కొన్నాము. దానికి నలభై ఆంపియర్ల ఫ్యూజు వేశాము. యాంప్లిఫయరు అడిగే ఇరవైనాలుగుకు పైన, దాని సొంత ఫ్యూజులు ముప్ఫయికి కూడా పైన, తీగె శక్తికి బాగా లోపల. నిండు శక్తి లాగినా తీగెలో పోయేది 0.2 వోల్టు. ఎనిమిది గేజి మంచి రాగికీ నలభై సరిపోతుంది. పూత తీగె మార్చలేని వాళ్ళు ముప్ఫయితో సరిపెట్టుకోవడం మంచిది. రెండు యాంప్లిఫయర్లు పెట్టి, ఒక లావు తీగెను రెండు సన్న తీగెలుగా చీల్చేవాళ్ళు ఆ చీలిక దగ్గర ఒక్కొక్క సన్న తీగెకూ వేరే ఫ్యూజు పెట్టాలి. మొదట వున్న పెద్ద ఫ్యూజు సన్న తీగెను కాపాడలేదు.

మైనసు తీగె కూడా అంతే లావుండాలి. డిక్కీలో రేకు మీది రంగు గీకి, మెరిసే ఇనుముకు బోల్టుతో బిగించాలి. రంగు మీద బిగిస్తే ఇంజను వేగంతోపాటు స్పీకర్లలో ఈలవేసినట్లు వినిపిస్తుంది. బెజ్జానికి రబ్బరు బుష్షు వేశాము. దాని ధర చెబితే నవ్వుతారు.

పని అయింది, పాట పెట్టాడు. అప్పుడు రెండవ సంగతి బయటపడింది. గాయని గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్లున్నది. ముందు తలుపులోని చిన్న ట్వీటరు ఒకటి అసలు పలకడం లేదు, కాలిపోయింది. యాంప్లిఫయరు మీద గెయిన్ అనే మర చివరిదాకా తిప్పి వున్నది, బేస్ బూస్టు కూడా చివరిదాకా. "ఎక్కువ పెడితేనే గదా మామయ్యా పూర్తి శక్తి వచ్చేది?" అన్నాడు.

ఫ్యూజు విషయంలోనూ ఇదే మాట, ఇక్కడా ఇదే మాట. గెయిన్ శబ్దం పెంచే మర కాదు. ముందున్న స్టీరియో ఎన్ని వోల్టులు పంపినప్పుడు యాంప్లిఫయరు తన నిండు శక్తికి చేరాలి అన్నది మాత్రమే అది నిర్ణయిస్తుంది. మావాడి యాంప్లిఫయరు మీద ఒక చివర 6 వోల్టులు, ఇంకొక చివర 0.2 వోల్టు అని గుర్తులున్నాయి. చివరిదాకా తిప్పడమంటే 0.2 వోల్టుకే నిండిపొమ్మని చెప్పడం. వాడి స్టీరియో 2 వోల్టులు ఇస్తుంది. పదో వంతు దగ్గరే బిందె నిండిపోయింది. ఆ పైన పోసిందంతా పొర్లడమే.

పొర్లడం అంటే ధ్వని తరంగం తలలు తెగిపోవడం. గుండ్రంగా లేచి దిగవలసిన తరంగం పైన చదునుగా నరికినట్లవుతుంది. వినడానికి గరగర. అది ఒక్కటే అయితే చెవి బాధతో పోయేది. తలలు పూర్తిగా తెగి చదరమైన తరంగంలో అదే ఎత్తున్న గుండ్రని తరంగం కంటే రెట్టింపు శక్తి వుంటుంది. అంటే యాభై వాట్ల యాంప్లిఫయరు నుంచి స్పీకరు మీద వందదాకా పడవచ్చు. పైగా ఆ చదును అంచులలో కొత్తగా సన్నని స్వరాలు పుట్టి ట్వీటరుకు పోతాయి. దానిలోని తీగెచుట్ట వెంట్రుకంత సన్నం. అది ఆ వేడికి ఆగదు. బేస్ బూస్టు సంగతి ఇంకా అన్యాయం. 12 డెసిబెల్సు పెంచితే ఆ మంద్రస్వరానికి పదహారు రెట్ల శక్తి కావాలి. ఎక్కడ నుంచి తెస్తుంది?

గెయిన్ సరిగా పెట్టడానికి అయిదారు వందల రూపాయల మల్టీమీటరు చాలు. మేము చేసింది ఇది. స్పీకరు తీగెలు యాంప్లిఫయరు నుంచి వూడదీశాము. బేస్ బూస్టు సున్నా, స్టీరియోలో బేసు, ట్రెబులు నడిమికి, యాంప్లిఫయరులోని ఫిల్టర్లు తాత్కాలికంగా బంద్, గెయిన్ పూర్తిగా వెనక్కు. పెన్‌డ్రైవులో 50 హెర్ట్‌జుల నిండు స్థాయి పరీక్ష స్వరం వేసుకొని, స్టీరియో వాల్యూము ముప్పాతికకు, అంటే నలభైలో ముప్ఫయికి, పెట్టాము. ఆ పైన చాలా స్టీరియోలు తామే గరగరమంటాయి. ఇంజను నడుస్తూ వుండాలి, షెడ్డు తలుపులు తెరిచి వుండాలి. వెయ్యి హెర్ట్‌జుల స్వరం వాడమని కొందరు చెబుతారు గాని చవక మీటర్లు అంత వేగాన్ని సరిగా కొలవలేవు. ఇంటి కరెంటు యాభై గనుక యాభైని బాగా కొలుస్తాయి.

ఎన్ని వోల్టులు రావాలి? వాట్లను ఓములతో హెచ్చించి వర్గమూలం తియ్యాలి. యాంప్లిఫయరు లెక్కన యాభై నాలుగులు రెండు వందలు, దాని మూలం 14.1. కాని వాడి స్పీకర్లు 40 వాట్లవి. రెండింటిలో చిన్నదాన్నే తీసుకోవాలి. నలభై నాలుగులు నూట అరవై, దాని మూలం 12.6. మీటరును ఏ.సి. వైపు తిప్పి, స్పీకరు మరల మీద పెట్టి, గెయిన్ కొద్దికొద్దిగా పెంచుతూ 12.6 దగ్గర ఆపాము. మర సగానికి కూడా రాలేదు. నాలుగు చానళ్ళకూ అంతే. తరువాత ఇంజను ఆపి, స్పీకర్లు కలిపి, ముందు స్పీకర్లకు 80 హెర్ట్‌జుల కింది స్వరాలు పోకుండా ఫిల్టరు తిరిగి పెట్టాము.

మీటరు లేనివాళ్ళు చెవితో కూడా పెట్టుకోవచ్చు. బాగా తెలిసిన పాట ఒకటి వేసి, వాల్యూము ముప్పాతికకు పెట్టి, గెయిన్ పెంచుతూ గొంతు బరకగా మారిన చోట ఆపి, కొంచెం వెనక్కు తిప్పాలి. నా వయసులో ఆ బరక నాకు ఆలస్యంగా వినిపిస్తుంది గనుక నేను మీటరునే నమ్ముతాను.

మావాడికి మొదట నిరుత్సాహమే. మర సగం కూడా తిరగలేదంటే డబ్బు సగం దండగ అయినట్లు చూశాడు. కొత్త ట్వీటరు వేసి, వాల్యూము ఇరవై అయిదుకు తెచ్చి పాట పెట్టాడు. వెనక సీటులో కూర్చున్న మా అక్క, "ఒరే, ఇప్పుడు మాటలు వినిపిస్తున్నాయిరా" అన్నది. ఇన్నాళ్ళూ ఆమె వింటున్నది ఏమిటో!

నలభై ఆంపియర్ల ఫ్యూజు మరొకటి డాష్‌బోర్డు అరలో పెట్టించాను. ఎప్పుడయినా ఫ్యూజు పోతే అదే అంకె వెయ్యాలి, అదీ ఎందుకు పోయిందో చూసిన తరువాత. చేతికి దొరికిన పెద్దది వెయ్యడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం పనికిరాదు. నెల దాటాక వాడు వచ్చినప్పుడు ఫ్యూజు హోల్డరు బోల్టు మీద స్పానరు వేసి చూశాను. పావు చుట్టు తిరిగి బిగిసింది. రాగి పోగులు అణిగి అట్లా వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది. డిక్కీలో మైనసు బోల్టు కూడా అంతే తిరిగింది.